గుట్ట మీద ఒంటి గొడ్డలి

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. మా వీధిలో ఒకామెకు గాలి సోకిందని వేపమండలతో కొడుతుంటే అడ్డంపడి, ఆమెతోపాటు నేనూ రెండు దెబ్బలు తిన్నాను. ఇలాంటి అనుభవాలు చెప్పుకునేవాళ్లను ముఖం మీదే "ఎన్ని ముంతలు తాగావు" అని అడుగుతాను. ఇది చదివి ఎవరైనా నన్ను అదే అడిగితే కోపం తెచ్చుకోను. ఆ రోజు నేను తాగింది మాత్రం సొరకాయ బుర్రలో నీళ్లే. పట్టపగలు. నాతో ఇంకా ఎనిమిది మంది ఉన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నేను సిద్దిపేటలో బడిపంతుల్ని. నైజాం ఏలుబడిలో మాకు వారపు సెలవు శుక్రవారం. పఠనమందిరంలో పత్రికలు చదువుకునే నలుగురు స్నేహితులం ఆ రోజు సైకిళ్లేసుకుని మిరుదొడ్డి తోవలో ఉన్న ఒక గుట్టకు పోయేవాళ్లం. ఏ చెట్టు ఎప్పుడు పూసింది, ఏ పిట్ట ఎక్కడ గూడు పెట్టింది అని నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. వానాకాలంలో గింజలు నాటేవాళ్లం. గుట్టల సంఘం అని మాకు మేమే పేరు పెట్టుకున్నాం. ఊళ్లో మాత్రం మమ్మల్ని పనిలేనోళ్ల పల్టన్ అనేవారు.

పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. బస్సు వెనక ఇనుప పొయ్యి, దానికి బస్తాలకొద్దీ బొగ్గు. ఆ బొగ్గు కోసం గుట్ట మీద కట్టె కొట్టుకునే గుత్త ఒకడికి దక్కింది. అక్కడి దొరకు బామ్మర్ది వాడు. ఎండిన కట్టె మాత్రమే కొట్టాలని కాగితంలో ఉంది. వాడు పచ్చి మద్దిచెట్లు కొట్టించాడు. అడ్డుకోవలసిన జంగ్లాత్ జవాన్లు, అంటే అడవి కాపలావాళ్లు, ఆ పక్కనే కూచుని చుట్టలు కాల్చారు. కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి? ఉర్దూలో రెండు దరఖాస్తులు రాసి పెట్టాను. దున్నపోతు మీద వాన పడ్డట్టయింది.

మూడోసారి కచేరీలో ఒక గుమాస్తా జాలిపడి, గుట్ట కింది ఊరి సాక్షి ఒకరైనా లేకపోతే కాగితం కదలదని చెప్పాడు. దొరకు జడిసి ఊళ్లో ఒక్కడూ ముందుకు రాలేదు. మిగిలింది ఎల్లవ్వ.

ఎల్లవ్వ భర్త పోయిన మనిషి. గుట్ట మీద మోదుగాకు కోసి, ఇస్తరాకులు కుట్టి సిద్దిపేటలో అమ్మేది. సీతాఫలాల కాలంలో గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. గుట్ట మీద మాకు దారి చూపింది ఆమే. ఏ చప్పుడు వినపడినా తల ఎత్తకుండానే, ఇది ఫలానా పిట్ట, అది ఫలానావాడి మేక అని చెప్పేది. మేం పుస్తకాలు తిరగేసి పోల్చుకునేలోపు ఆమె పది అడుగులు ముందుండేది.

వేలిముద్ర అడిగితే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దొర ఊకుంటడా పంతులూ?"

"నేనున్న కద ఎల్లవ్వా. నీ మీద ఈగ వాలనియ్య."

"నీకు సిద్దిపేట ఉన్నది. నాకు గీ గుట్ట తప్ప ఏమున్నది?" అంది. అంటూనే వేలు సిరాలో ముంచింది. గుట్ట పోతే ఎలాగూ బతుకు లేదని ఆమెకు మాకంటే బాగా తెలుసు.

ఈసారి కాగితం కదిలింది. చలికాలం మొదట్లో ఒక ఉదయం జంగ్లాత్ అధికారి గుర్రం మీద వచ్చాడు. వెంట ఇద్దరు జవాన్లు. గుత్తేదారు ముందే వచ్చి, నున్నగా నవ్వుతూ నిలబడ్డాడు. తనిఖీ సంగతి వాడికి మాకంటే ముందే తెలిసింది. కూలీలందరినీ రెండు రోజుల ముందే పంపించేశాడు. పంపిస్తే ఏం, తూర్పు లోయలో కొట్టేసిన మద్ది మొదళ్లు ఇంకా పచ్చిగా జిగురు కారుతున్నాయి. వాటిని చూపిస్తే చాలు, వాడి గుత్త రద్దవుతుందని నా ధైర్యం.

గుర్రాన్ని కింద కట్టేసి, మేం నలుగురం, ఎల్లవ్వ, వాళ్లు నలుగురూ నడవడం మొదలుపెట్టాం. మొదళ్లు ఇంకో పావుగంట నడకలో ఉన్నాయనగా గుట్ట పైనుంచి గొడ్డలి చప్పుడు వినిపించింది.

మూడు దెబ్బలు, కొంచెం ఆగడం, మళ్లీ మూడు దెబ్బలు. గుత్తేదారు మనుషులు ఎప్పుడూ ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి కొడతారు. వాళ్ల గొడ్డళ్లు ఆగకుండా మోగుతాయి. ఇది ఒంటి గొడ్డలి. ఆ తేడా నేను అప్పుడే గమనించాను, కానీ సంతోషంలో పట్టించుకోలేదు. దొంగ చేతికి దొరికాడనుకున్నాను. "సాబ్, ముందు అటు పోదాం" అని అధికారిని లోయ దారి నుంచి పైదారికి తిప్పింది నేనే. ఆ రోజు ఇంకెవరు ఏం చేసినా, ఆ తప్పు నాది.

గుత్తేదారు ముఖం చూశాను. నవ్వు పోయి నల్లబడింది. తన మనుషులే మాట వినకుండా పైన ఉండిపోయారనుకున్నాడు. ఇద్దరి పేర్లు పెట్టి, "ఎవడ్రా గాడ? దిగుండ్రి!" అని అరిచాడు. అందుకే అది వాడి నాటకమని నేను ఏనాడూ అనుకోలేదు.

తర్వాత చెట్టు విరిగిన చప్పుడు. ముందు చిటపటమని నార తెగడం, ఆ వెంటనే కొమ్మలన్నీ ఒక్కసారి ఊగి నేలను తాకడం. కాళ్ల కింద అదురు తెలిసింది. పిట్టల కూతలు ఒక్కసారి ఆగిపోయాయి. అధికారే ముందు పరుగెత్తాడు. మేమందరం ఆయన వెంట పడ్డాం.

పైన ఏమీ లేదు. మద్దిచెట్లన్నీ నిలబడే ఉన్నాయి. నేల మీద చెక్కపేడు లేదు, ఒక్క చెట్టుకూ గాటు లేదు. రెండు చెట్ల మధ్య తోవకు అడ్డంగా సాలెగూడు మంచుతో తడిసి చెక్కుచెదరకుండా ఉంది. ఆ తోవన ఎవడు పోయినా అది తెగాలి. మేం ఆయాసపడుతూ నిలబడి ఉండగానే మళ్లీ మూడు దెబ్బలు, ఈసారి పడమటి వాలులోంచి.

అటు పరుగెత్తాం. ఏమీ లేదు. ఇంకోవైపు నుంచి వినపడింది. అటూ పోయాం. ముళ్లకు బట్టలు చినిగాయి, ఒక జవాను జారిపడి మోకాలు పగలగొట్టుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అధికారి ముఖం చెమటతో, కోపంతో ఎర్రబడింది. ఆ కోపం కింద భయం ఉందని నా నమ్మకం. ఒక బండ మీద కూచుని, ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాడు, చప్పుడు విన్నావా అని. నా స్నేహితులు విన్నామన్నారు. జవాన్లు విన్నామన్నారు. గుత్తేదారు తల దించుకుని తనకూ వినపడిందన్నాడు.

చివరకు ఎల్లవ్వను అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"ఇన్న దొరా" అంది.

అధికారి లేచి దులుపుకుని గుట్ట దిగాడు. తూర్పు లోయ చూడమని కాళ్లావేళ్లా పడ్డాను. మొదళ్లు పావుగంట దూరంలోనే ఉన్నాయన్నాను. "బస్, బహుత్ హోగయా" అని, ఇక చాలన్నట్టు చెయ్యి విసిరి గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

నెల తర్వాత గుమాస్తా దయతో రిపోర్టు చూశాను. చెట్లు కొడుతున్నారన్న చోట ఒక్క చెట్టూ పడలేదు, ఫిర్యాదు కల్పితం, సాక్షి అబద్ధపు సాక్ష్యం చెప్పింది. అంతే రాశాడు ఆ పెద్దమనిషి. తన చెవులతో విన్నాడు, తన కాళ్లతో పరుగెత్తాడు. లేని చెట్టు పడడం విన్నానని రాస్తే పిచ్చివాడంటారని సంగతంతా మా మీదికి తోశాడు. వాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు. ఆ కాగితం అండ చూసుకుని గుత్తేదారు గుట్టనంతా గొరిగేశాడు. ఎండాకాలం వచ్చేసరికి నీడకు ఒక్క చెట్టు లేదు.

నాకు బడి నుంచి మందలింపుగా ఒక తాకీదు వచ్చింది, అంతే. ఉద్యోగం నిలిచింది. గుత్తేదారు మనుషులు ఎల్లవ్వ కొడవలి గుంజుకున్నారు, ఆకు మోపులు తగలబెట్టారు, గుట్ట ఎక్కితే కాళ్లు విరగ్గొడతామన్నారు. ఊళ్లో ఎవరూ ఆమెను కూలికి పిలవలేదు. ఒకరోజు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూచుంది. ఇంకో దరఖాస్తు రాస్తానన్నాను. ఆమె నా ముఖం చూసి, లేచి వెళ్లిపోయింది. తర్వాత ములుగు దిక్కు చెల్లెలి ఊరికి చేరిందని తెలిసింది.

ఆ చప్పుడు సంగతి తేల్చాలని గుట్ట పూర్తిగా బోడి కాకముందే రెండు శుక్రవారాలు పోయాను. పక్క గుట్ట మీద ఒక స్నేహితుణ్ణి గొడ్డలితో కొట్టమని, నేను ఆ బండ దగ్గరే నిలబడి విన్నాను. సన్నగా, దూరంగా వినపడింది, కాళ్ల కింద అదురు లేదు. వడ్రంగిపిట్టలను కూడా విన్నాను. వాటి చప్పుడు దాని దరిదాపుల్లోకైనా రాదు.

నైజాం పాలన పోయిన తర్వాత ఏదో పని మీద ములుగు వెళితే, ఒక మడిలో కలుపు తీస్తున్న ఆడవాళ్లలో ఎల్లవ్వ కనిపించింది. గట్టు మీద నిలబడి పిలిచాను. నడుము ఎత్తి చూసింది గానీ గట్టుకు రాలేదు. నీ బతుకు పాడు చేశాను, మన్నించమన్నాను. ఏళ్లుగా మోస్తున్న మాట అది. ఆ చప్పుడే మన కొంప ముంచింది, ఎల్లవ్వా, అని కూడా అన్నాను.

"ఏం సప్పుడు పంతులూ?" అంది.

నేను బిత్తరపోయాను. "గొడ్డలి సప్పుడు. చెట్టు వడ్డ సప్పుడు. నువ్వు గూడ ఇన్నవు కద."

"నాకేం ఇనవడలే. పిట్టలు ఒర్రుతున్నయ్, గంతే. నడువంగ నడువంగ మీరంత ఒక్కపారి ఉరుకవడితిరి. సాబు గూడ ఉరికె. ఏం జూసి ఉరుకుతున్నరో అనుకుంట మీ ఎనుక వచ్చిన."

"మరి సాబుకు ఇన్ననని ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు తలకాయ ఊపితివి" అని మళ్లీ వంగి కలుపు పీకసాగింది. ఇక ఎంత పిలిచినా తల ఎత్తలేదు.

తొమ్మిది మందిమి ఉన్నాం ఆ గుట్ట మీద. ఎనిమిది మందిమి విన్నాం. అందులో మాకు పగవాడూ ఉన్నాడు, మమ్మల్ని అబద్ధాలకోరులన్న అధికారీ ఉన్నాడు. ఆ గుట్ట మీదే పుట్టి పెరిగి, ఆకు కదిలినా చెప్పగల మనిషికి మాత్రం వినపడలేదు. దీనికి అర్థం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిందని చెప్పేవాడు ఎదురైతే వాణ్ణి నమ్మను కూడా.

సాక్షి అబద్ధం చెప్పిందని ఆ అధికారి రాసిన మాటకు ఏళ్ల తరబడి అతణ్ణి తిట్టుకున్నాను. ఆ రిపోర్టులో మా మీద మోపిన మాటల్లో నిజం ఆ ఒక్కటే. ఆ అబద్ధం ఆమెతో చెప్పించింది నేను.