అత్తగారి ఫోనుకొచ్చిన అంకెలు

మాంసం కొట్టులో ఎముకలు కొట్టే ఆమెను వీధి వీధంతా గండ్రగొడ్డలి అనేది. ఆ పేరు నోటిని చూసి పెట్టారు గానీ చేతికీ అతికినట్టు సరిపోయింది. తొడ ఎముకను ఒక్క వేటుకు రెండు చేసే ఆ చెయ్యి, ఇంటికెళ్తే మాత్రం మొహానికి అడ్డం పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు. మొగుడు రోడ్డు రోలర్ నడిపేవాడు. అందరూ వాణ్ణి రోలర్ అనే పిలిచేవారు. ఎదురొచ్చినదాన్నల్లా చదును చెయ్యడమే వాడికి తెలిసిన విద్య.

ఒకసారి చెవి మీద కొడితే నెత్తురు కారింది. ఇంకోసారి ఆమె ఎడమచేతి వేళ్లు రెండు తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. అవి ఇప్పటికీ కొక్కేల్లా వంగే ఉన్నాయి. అత్తగారు వంటగది గుమ్మంలో నిలబడి, "మెల్లగా ఏడువు, పక్కింటికి వినపడుతుంది" అనేది. కొడుకును మాత్రం పల్లెత్తు మాట అన్న పాపాన పోలేదు.

దెబ్బ తగిలినప్పుడల్లా గండ్రగొడ్డలి ఫోటో తీసి తన మెయిల్‌కు తానే పంపుకునేది. ఫోన్లను నమ్ముకుంటే లాభం లేదు, వాడు గోడకేసి కొట్టేవాడు. ఆ మెయిల్ తెరిచిన రోజు, పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ ఏ నంబరుకు పంపమంటావని అడిగితే అత్తగారి నంబరు ఇచ్చింది. తెలివితక్కువై కాదు. ఆ ఇంట్లో వాడు పగలగొట్టని ఫోను అదొక్కటే.

చివరికి ఇల్లు వదిలి కొట్టు వెనక గదిలో చేరింది. కేసు వేసింది. "నోటి మాట చాలదమ్మా," అంది వకీలమ్మ. "రేపు పొద్దున ఫోటోలు జడ్జి ముందుండాలి. లేకపోతే వాడు నీ దరిదాపులకి రాకూడదన్న ఆర్డరు రాదు."

ఆర్డరు రాకపోతే వాడొస్తాడు. ఈసారి వేళ్లతో ఆపడని ఆమెకు తెలుసు.

కొత్త ఫోనులో మెయిల్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. దాన్ని గుర్తుపెట్టుకున్నది పాత ఫోను, ఆమె కాదు. పాత ఫోను గోడ కింద ముక్కలైంది. తోచినవన్నీ కొట్టి చూసింది. ప్రతిదీ తప్పంది. "నువ్వూ నా మొగుడి లాంటిదానివే. ఏం చెప్పినా తప్పే," అని తిట్టింది. ఆఖరికి, కోడ్ పంపమంటారా, వెంటనే వాడకపోతే చెల్లదు అంటూ ఒక నంబరు తోక చూపించింది. అది అత్తగారిది.

అప్పుడే నొక్కలేదు. ఏప్రాన్ విప్పకుండా, కత్తి చేత్తోనే పట్టుకుని ఆ ఇంటికి నడిచింది. కిటికీ దగ్గర అత్తగారు కనబడ్డాక నొక్కింది.

"ఒళ్లంతా నెత్తురేంటే? ఇంకా చావలేదా నువ్వు?" అంది అత్తగారు.

"ఇది మేకదిలే. అత్తా, నీ ఫోనుకి మెసేజ్ వచ్చింది. అందులో అంకెలు చదువు."

"ఎందుకట?"

"నీ కొడుకు నన్ను కొట్టిన ఫోటోలు తియ్యాలి. రేపు జడ్జికి చూపిస్తా."

"వాడి మీద కేసుకి నా సాయమే కావలసొచ్చిందా? ఎంత గుండెలు తీసిన బంటువే."

"ఇంకెవర్ని అడగను? ప్రతిసారీ గుమ్మంలో నిలబడి చూసింది నువ్వేగా."

ముసలామె ఫోను చేతిలోకి తీసుకుంది. కళ్లద్దాలు పెట్టుకుంది.

"నాలుగు," అంది. "తొమ్మిది."

లోపల్నించి రోలర్ వచ్చాడు. మాటలన్నీ విన్నాడు కాబోలు, నేరుగా కిటికీ దగ్గరికొచ్చాడు. తల్లి చెంప పగలగొట్టాడు. కింద పడ్డ కళ్లద్దాలను మడమతో నలిపాడు. జుట్టు పట్టుకుని ఆమె తలను కిటికీ ఊచలకేసి కొట్టాడు. ఊచలు మోగాయి. కన్నతల్లి మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

"కనబడటం లేదే, నువ్వే చూసుకో," అంటూ ముసలామె తన ఫోనును ఊచల్లోంచి బయట కిటికీ గట్టు మీదకు తోసింది.

దాన్ని లాక్కోవడానికి వాడి చెయ్యీ బయటకు వచ్చింది. కోడలి కత్తి వేటు పడింది. మణికట్టుకు వెంట్రుకవాసి దూరంలో కిటికీ చెక్క నిలువునా చీలింది. వాడు చెయ్యి లోపలికి లాక్కున్నాడు.

ఇక్కడే చిక్కొచ్చింది. వంకర వేళ్ల ఎడమచేత్తో అంకెలు కొట్టడం ఆమె వల్ల కాదు. కుడిచేతిలో కత్తి ఉంది. కత్తి వదిలితే వాడు తలుపు తీసుకుని వస్తాడు. వదలకపోతే కోడ్ గడువు తీరుతుంది.

ముసలామె ఊచల్లోంచి రెండు చేతులూ చాచి, కోడలి పట్టు విడిపించి, చెక్కలో దిగిన కత్తిని పెరికింది. పక్కకు తిప్పి ఊచల మధ్యనుంచి లోపలికి తీసుకుంది. కొడుకు వైపు తిరిగి తలుపుకు అడ్డంగా వెళ్లి నిలబడింది.

"అమ్మా, అది పడెయ్."

"ఇన్నేళ్లూ గుమ్మంలో ఊరికే నిలబడ్డాను. ఇవాళ పని దొరికింది. అడుగెయ్యరా, చూస్తాను."

వాడు వెయ్యలేదు. తల్లి నోటి చివరనుంచి నెత్తురు కారుతోంది. ఎత్తిన కత్తి మాత్రం దిగడం లేదు.

బయట గండ్రగొడ్డలి బొటనవేలికున్న మేక నెత్తురు తడికి ఫోను తెర పలకలేదు. వేలిని గోడకేసి తుడుచుకుని మళ్లీ కొట్టింది. మెయిల్ తెరుచుకుంది. చెవి, పెదవి, వేళ్లు, ఒకదాని కింద ఒకటి, అన్నీ ఉన్నాయి. ఉన్నపళంగా వకీలమ్మకు పంపేసింది.

ముసలామె వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాటి బయటకు వచ్చి, తలుపుకు గొళ్లెం పెట్టింది. లోపలినుంచి తలుపు మీద గుద్దులు పడుతున్నాయి. ఫోటోకి కోడలు ఫోను ఎత్తడం చూసి ముసలామె మొహం తిప్పుకుంది. సిగ్గుపడుతోంది కాబోలనుకుని కోడలు ఫోను దించబోయింది.

"దించకే," అంది అత్తగారు. "ఈ పక్కనుంచి తియ్యి. ఇటే బాగా వాచింది."