మర్యాద తప్పని జాంబీ

తాడేపల్లిగూడెంలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే సుబ్బయ్యగారు ఒక సినిమా ఆడకూడదని మనసారా కోరుకున్నారు. ఆయన ఎవరి చెడూ కోరే మనిషి కాదు. పక్క కొట్లో బేరాలు తగ్గితే తనకే జ్వరం వచ్చినట్టు అయిపోతారు. పైగా ఆ సినిమాలో ఆయన నటించారు కూడా. వచ్చిన చిక్కంతా అక్కడే.

కిందటేడు మాఘమాసంలో కొల్లేటి పక్కన చేపల చెరువుల మీద ఆ సినిమా తీశారు. పేరు ‘ఇద్దరు పోలీసులూ నూటొక్క శవాలూ’. చేపల మేతలో ఏదో మందు కలిసి, చచ్చినవాళ్ళు జాంబీలై లేచి ఊరి మీద పడతారు. ఒకరి పొడ ఒకరికి గిట్టని ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒకే మోటారుసైకిలెక్కి వాళ్ళని ఎదుర్కొంటారు. భయపడాలో నవ్వాలో చూసేవాళ్ళే తేల్చుకోవాలి.

ఆ సినిమాకి మనుషుల్ని పోగుచేసే జాకబ్, షూటింగు వంటలకి గుండిగలు కొనడానికి కొట్టుకొచ్చి, సుబ్బయ్యగారిని ఎగాదిగా చూశాడు.

“మీది ఇన్‌స్పెక్టరు మీసమండీ. రెండు డైలాగులున్నాయి. వచ్చేయండి.”

ఆ మాటని ఆయన భార్య భాగ్యలక్ష్మిగారు సాయంత్రానికల్లా వీధంతా పంచేశారు. మర్నాటికి గుండుగొలనులో ఉన్న వియ్యంకుడు బుచ్చిబాబుగారికీ ఫోను వెళ్ళింది. సుబ్బయ్యగారికి వీధి సంగతి ఎలా ఉన్నా, వియ్యంకుడి దగ్గర మాట పడకూడదు. కొడుకు పెళ్ళయిన రెండేళ్ళుగా ఆయన బుచ్చిబాబుగారి ముందు ఇస్త్రీ నలిగిన చొక్కాతో కూడా కనపడలేదు.

షూటింగునాడు ఖాకీ చొక్కా ఇచ్చారు. ఊపిరి బిగబడితే గుండీలు పడ్డాయి. డైలాగు చెప్పగానే రెండు ఊడి చెరువులో పడ్డాయి. అంతకన్నా పెద్ద చొక్కా లేదు. జాకబ్ బుర్ర గోక్కుని, “ఏవనుకోకండి, శవాలకైతే కొలతలుండవండీ” అన్నాడు.

ఎదురొచ్చి మరీ పంపిన భార్యకి మొహం ఎలా చూపించడం? సుబ్బయ్యగారు కూర్చుని మేకప్పు వేయించుకున్నారు. మొహానికి బూడిద రంగు, చెంప మీద ఊడి వేలాడే రబ్బరు కండ, మీసం మీద బురద. అద్దంలో చూసుకుని ఆయన కాస్త తెరిపిన పడ్డారు. కన్నతల్లి లేచొచ్చినా గుర్తుపట్టదు.

ఇంటికొచ్చాక భార్య, “ఇన్‌స్పెక్టరు వేషం బాగా కుదిరిందాండీ?” అని అడిగారు. ఆయన నీళ్ళు తాగుతూ తల ఊపారు. అవునని ఊపారో, నీళ్ళు గొంతులో దిగడానికి ఊపారో ఆయనకే తెలియాలి.

సినిమా శుక్రవారం విడుదలైంది. భయమూ లేదు, నవ్వూ లేదు, నిడివి మాత్రం ఉందని ఫోన్లో సమీక్షలు వచ్చాయి. ఒకాయన అయిదుకి ఒకటిన్నర ఇచ్చాడు. సుబ్బయ్యగారు పరీక్ష పాసైనవాడిలా ఆ అంకెని రెండుసార్లు చూసుకున్నారు. ఆదివారానికి ఎత్తేస్తారనుకున్నారు.

కానీ ఏలూరు చుట్టుపక్కల జనం సమీక్షలు చూసి వెళ్ళలేదు. తమ చెరువు గట్టూ, తమ బావమరిది ట్రాక్టరూ తెర మీద ఎలా ఉన్నాయో చూద్దామని వెళ్ళారు. ఆదివారం మ్యాట్నీకి కోడలు విజయదుర్గ రెండు కుటుంబాలకీ కలిపి ఒకే వరసలో టిక్కెట్లు తీసింది. సుబ్బయ్యగారికి ఒకపక్క భార్య, ఒకపక్క వియ్యంకుడు.

అరగంటకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా, నిటారుగా, ఎవరో.

“ఏవండీ, మీరేరీ?” భాగ్యలక్ష్మిగారు గుసగుసలాడారు.

“ఎడిటింగులో పోయుంటుంది.”

“అయ్యో! చెప్పకుండానే తీసేస్తారా?”

బుచ్చిబాబుగారు ఆయన మోకాలి మీద తట్టి, “పెద్ద సినిమాల్లో ఇలాంటివి మామూలేనండీ బావగారూ” అని ఓదార్చారు. ఓదార్పు కాస్త గుచ్చుకున్నా, గండం గడిచింది. సుబ్బయ్యగారు కాళ్ళు చాపుకున్నారు.

అప్పుడు శవాలు లేచాయి. పదీ పదిహేను జాంబీలు బురదలోంచి గట్టెక్కి కానిస్టేబుళ్ళ మీద పడ్డాయి. అందులో బొద్దుగా ఉన్న ఒక జాంబీ కాలుజారి, మోచేత్తో చిన్న కానిస్టేబులు ముక్కు మీద ఒక్కటిచ్చింది. వెంటనే రెండు చేతులూ జోడించి, “అయ్యయ్యో, తగిలిందాండీ? చూసుకోలేదండీ!” అంది. కానిస్టేబులు పారిపోతూనే, “పర్లేదండీ!” అన్నాడు.

షూటింగులో నిజంగా జరిగిందే అది. ముప్ఫయ్యేళ్ళు కొట్లో నిలబడ్డ మనిషికి ఎదుటివాడికి దెబ్బ తగిలితే నోరు ఊరుకోదు. ఆ దర్శకుడు మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తాడనీ, ఆ ముక్క ఉంచేశాడనీ సుబ్బయ్యగారికి తెలియదు.

హాలు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత బద్దలైంది. ఈలలు. “ఒరేయ్, మనూరి జాంబీరా!” అని వెనకనుంచి కేక. బుచ్చిబాబుగారు కళ్ళు తుడుచుకుంటూ, “ఎవరోగానండీ, చచ్చాక కూడా మర్యాద వదల్లేదు! మా గుండుగొలను మనిషే అయ్యుంటాడు” అన్నారు.

భాగ్యలక్ష్మిగారు మాత్రం నవ్వలేదు. మెల్లగా భర్త వైపు తిరిగారు. మొహానికైతే రంగు పూశారుగానీ గొంతుకి పూయలేదుగా. తను నోరెత్తకపోతే ఆవిడా ఎత్తదనీ, ఈ అబద్ధాన్ని ఇక ఇద్దరూ మోయాల్సొస్తుందనీ సుబ్బయ్యగారికి అర్థమైంది. ఒక్కడైతే మోయగలడు. ఆవిడ చేత మోయించడం బాగోలేదు.

“గుండుగొలను కాదండీ బావగారూ,” అన్నారు. “నేనేనండీ. ఇన్‌స్పెక్టరు చొక్కా పట్టలేదండీ.”

బుచ్చిబాబుగారు తెర వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూశారు. తర్వాత ముందు వరసవాళ్ళ భుజం తట్టి, “ఏవండీ, ఇందాకటి జాంబీ మా వియ్యంకుడండీ” అని మొదలుపెట్టి, ఆ వరసంతా చెప్పుకుంటూ పోయారు. అందరూ వెనక్కి తిరిగి నమస్కారాలు పెట్టారు.

సుబ్బయ్యగారికి అవేవీ పట్టలేదు. ఆయన భార్య మాట కోసం చూస్తున్నారు.

“ఆ బురదలో ఎంతసేపు పడుకోబెట్టారండీ మిమ్మల్ని?” అన్నారావిడ చివరికి.

“రెండు గంటలు.”

“మాఘమాసం చలిలోనా! తుడుచుకోడానికి తువ్వాలైనా ఇచ్చారా?”

“ఇచ్చారు.”

“టీ?”

“అల్లం వేసి ఇచ్చారు.”

“నాకు చెప్పుంటే వేణ్ణీళ్ళు కాచి ఉంచేదాన్ని కదండీ” అని ఆవిడ కొంగుతో ఆయన మొహం తుడిచారు, ఆ బురద ఇంకా అక్కడే ఉన్నట్టు.

ఇంటర్వెల్ తర్వాత శవాలు గుంపులు గుంపులుగా వస్తుంటే, భాగ్యలక్ష్మిగారు ముందుకి వంగి కూర్చుని, ఒక్కొక్క దాన్నీ వేలెట్టి చూపిస్తూ “అది మీరేనాండీ?” అని అడగడం మొదలుపెట్టారు. సుబ్బయ్యగారు మూడుసార్లు కాదన్నారు. నాలుగోసారి ఆవిడ ఎవరో ముక్కూమొహం తెలియని జాంబీని చూపించి, కళ్ళింతలు చేసుకుని మురిసిపోతుంటే చూసి, అవునన్నారు.