నాలుగు గంటలకు గడియారాలు కలిపిన మనిషి

కెమెరాల రికార్డర్ పెట్టె మూత విప్పగానే వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. ఈ మధ్యాహ్నం లోపలి ఫ్యాను శుభ్రం చేద్దామని విప్పాను. ఆ వాసన ముక్కుకు తగలగానే, "మెల్లగ తుడువు రేణుకా, గిన్నెలు తోముతున్నవా ఏంది?" అని విఠల్ సార్ వెనక నుంచి అన్నట్టే అనిపించింది. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన్ను ఎరగనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలంటే నా తప్పు గురించి కూడా చెప్పాలి. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

తార్నాక దగ్గరి ఈ విశ్వవిద్యాలయంలో కెమెరాల గదికి ఆయన పెద్ద. రైల్వే సిగ్నళ్ళలో పనిచేసి రిటైరయ్యాక ఇక్కడ కాంట్రాక్టు మీద చేరారు. మెట్టుగూడ నుంచి సిటీ బస్సులో వచ్చేవారు. నేను డిప్లొమా చేసి కొత్తగా వచ్చాను. పని రాకపోయినా మాటలకు మాత్రం కొదవలేదు. ఫ్రేమ్ రేట్, బిట్‌రేట్, బ్యాండ్‌విడ్త్ అని టకటకా అప్పజెప్పేదాన్ని. మొదటి వారంలోనే ఒక అమ్మాయి స్కూటీ పోయిందని ఏడుస్తూ వచ్చింది. "రిజల్యూషన్ చాలదు, నంబర్ ప్లేట్ రికవర్ కాదు" అన్నాను. పాపం, ఆ పిల్ల తలూపి వెళ్ళిపోబోయింది.

సార్ ఆమెను వెనక్కి పిలిచి కుర్చీ చూపించారు. "కూసో అమ్మా. కెమెరా దూరం ఉన్నది. బొమ్మ అంటే చుక్కలే కదా, బండి మీద పడ్డ చుక్కలు తక్వ. పెద్దగ చేస్తే చుక్కలే పెద్దగైతయి, నంబరు కనవడది. కానీ బండి ఏ గేటుకెల్లి పోయిందో చూపిస్త, ఆగు." ఆమె వెళ్ళాక నా వైపు తిరిగారు. "తెల్వని మాట చెప్పి మనిషి నోరు మూపియ్యొద్దు బిడ్డా. ఆమె తల ఊపింది సమజై కాదు, బుగులుతోని." నాకు ఒళ్ళు మండింది. ఇంగ్లీషు సరిగా రాని ముసలాయన నాకు పాఠం చెప్పడమేమిటని ఆ రోజంతా ముఖం మాడ్చుకుని కూర్చున్నాను.

కానీ గేట్ల దగ్గరి గార్డులకు ఆయన చెప్పేది విన్నకొద్దీ నా చదువు డొల్లతనం బయటపడింది. "ఫ్రేమ్ రేట్ అంటే సెకనుకు ఎన్ని ఫొటోలు దిగుతయో గదే. బ్యాండ్‌విడ్త్ అంటే పైపు లావు. సన్న పైపుల ఎక్వ నీళ్ళు తోలితే బొమ్మ ఆగాగి వస్తది. ఐపీ అడ్రస్ కెమెరా ఇంటి నంబరు. రెండిండ్లకు ఒకటే నంబరిస్తే ఉత్తరం ఎవరికీ చేరదు." గార్డు తన మాటల్లో తిరిగి చెప్పేదాకా వదిలేవారు కాదు.

అన్నిటికంటే ఆయనకు పట్టింపు గడియారం. రోజూ సాయంత్రం నాలుగు కొట్టగానే మేం రిజిస్టరు తెరవాలి. ప్రతి కెమెరా బొమ్మ మీద పడుతున్న టైమును అసలు టైముతో పోల్చి టిక్కు పెట్టాలి. "రైల్వేల నాలుగింటికి స్టేషన్లల్ల గడియారాలన్నీ కలిపేటోళ్ళం. ఒక్కటి తప్పినా మనిషి పానం పోతది" అనేవారు. కెమెరాలన్నీ టైమ్ సర్వర్ నుంచి టైము వాటంతట అవే తీసుకుంటుంటే ఈ చాదస్తమేమిటని నాలో నేనే నవ్వుకునేదాన్ని. కొన్నాళ్ళకు తెర వైపు చూడకుండానే వరసగా టిక్కులు కొట్టడం మరిగాను.

అప్పుడే ఒక ల్యాబ్ వరండాలో కొత్త కెమెరా బిగించారు. బిగించినవాళ్ళు దాన్ని టైమ్ సర్వర్‌కు కలపకుండా, చేత్తో ఏదో టైము పెట్టిపోయారు. అది నలభై నిమిషాలు ముందుంది. నేను రోజూ టిక్కు పెడుతూనే ఉన్నాను.

రెండు వారాలకు ఆ ల్యాబ్‌లో ఒక ప్రొఫెసర్ ల్యాప్‌టాప్ పోయింది. ఆయన ఒంటిగంటుంబావుకు భోజనానికి వెళ్ళి, పావు తక్కువ రెండింటికి తిరిగొచ్చారు. కెమెరాలో చూస్తే, ఊడ్చే బాలమణమ్మ ఒంటిగంటన్నరకు సంచితో బయటికి వస్తోంది. సార్ ఆ వారం సెలవులో ఉన్నారు. క్లిప్ తీసి ఇచ్చింది నేనే. సెక్యూరిటీ ఆఫీసర్ ఆమె ముందు, "హెచ్‌డీ ఫుటేజ్ ఉంది, టైమ్‌స్టాంప్ ఉంది, ఇంకేం బుకాయిస్తావ్?" అని అరిచాడు. ఆమెకు ఆ మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు. పిల్లలందరూ చూస్తుండగా ఆమె సంచి నేల మీద గుమ్మరించారు. టిఫిన్ డబ్బా, దువ్వెన, మందుల చీటీ. తార్నాక వెనక బస్తీలో ఆమె ఇల్లూ సోదా చేశారు. ఏమీ దొరకలేదు. అయినా పనిలోంచి తీసేశారు.

నెల తర్వాత ఒక సాయంత్రం, టిక్కు పెట్టబోతూ ఎందుకో తల ఎత్తాను. ఆ కెమెరా తెర మీద నాలుగూ నలభై. నా ఫోన్‌లో నాలుగు. ఆ పాత క్లిప్ మళ్ళీ తీసి టైము లెక్కగట్టాను. అంటే బాలమణమ్మ బయటికొచ్చింది పన్నెండూ యాభైకి. అప్పుడు ప్రొఫెసర్ తన ల్యాప్‌టాప్ ముందే కూర్చుని ఉన్నారు.

రెండు రోజులు నోరు కుట్టుకున్నాను, ఉద్యోగం పోతుందన్న భయంతో. మూడో రోజు సార్‌కు చెప్పాను. తిట్టలేదు. రిజిస్టరు తెప్పించుకుని నా టిక్కుల్ని ఒక్కొక్కటే వేలితో తడిమారు. కింద సంతకాలు ఆయనవే. "నేను గూడ చూడకుండనే సంతకం పెట్టిన" అన్నారు. ఆ గొంతు విన్నాక, తిట్టినా బాగుండేదనిపించింది.

ఆఫీసువాళ్ళు ఒక ఉత్తరం తయారుచేశారు, 'సాంకేతిక లోపం వల్ల' అంటూ. సార్ దాని మీద సంతకం పెట్టనన్నారు. "కెమెరకు తప్పు తెల్వది సార్. గడియారం చూడంది మేం మనుషులం" అని, మా ఇద్దరి పేర్లతో, ఎవరు చదివినా అర్థమయ్యే తెలుగులో ఇంకో ఉత్తరం రాసి, దాని మీదే ముద్ర వేయించుకునేదాకా ఆ గది వదల్లేదు. ఆ నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు ముగిసింది, మళ్ళీ పొడిగించలేదు. యంత్రాలు తెలిసినవాళ్ళు ఒకరుండాలని నన్ను ఉంచారు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

ముద్ర పడిన సాయంత్రమే ఉత్తరం తీసుకుని ఇద్దరం బాలమణమ్మ ఇంటికి వెళ్ళాం. ఆమె గడపలో కూర్చుని విన్నది. పని తిరిగి ఇస్తారని చెప్తే పెదవి విరిచింది.

"పని ఏడనన్న దొర్కుతది. గీ బస్తీల నన్ను దొంగ అంటున్నరు. నువ్వు రాసుకున్న తప్పు గీళ్ళందరికి చదివి చెప్తవా?"

నేను సార్ వైపు చూశాను. ఆయన కాగితం నా చేతిలో పెట్టారు. "చదువు బిడ్డా. నేను పక్కకే ఉంట."

గడప గడపకూ తిరిగి చదవసాగాను. 'రేణుక అనే నేను గడియారం చూడకుండా టిక్కు పెట్టాను' అన్న వాక్యం ప్రతిచోటా రెండుసార్లు చదివాను. అయిదో గడప దగ్గర ఒకామె బియ్యం ఏరుతూ అంతా విన్నది. విని, "ఏమో అమ్మా, నిప్పు లేనిదే పొగొస్తదా" అన్నది.

వెనకే వస్తున్న బాలమణమ్మ ఆ మాట విన్నది. నా చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. "చాలు బిడ్డా. ఇగ చదవకు" అని ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

సారూ నేనూ ఆ సందులోంచి వెనుదిరిగాం. ఇంకా పదమూడు గడపలు మిగిలాయి. వాటి వరస నాకు ఇప్పటికీ తెలుసు.