గడపకు రాసిన నూనె

హిందూపురంలో ఫ్యాక్టరీలు లేస్తున్న ఆ కాలంలో ఉద్యోగమైనా దొరికేది కానీ అద్దె ఇల్లు దొరికేది కాదు. నాకు ఉద్యోగం దొరికింది, ఇంటి సంగతి ప్రభువుకు వదిలేశాను. కాన్పుకని పరిగి వెళ్ళిన నా భార్య, పాప పుట్టి నెలలైనా పుట్టింట్లోనే ఉంది. నేను మిల్లు షెడ్డు పక్క గదిలో తోటి కూలీల కాళ్ళ దగ్గర పడుకునేవాణ్ణి. మామ ఒకటే చెప్పాడు: "ముందు ఇల్లు చూడప్పా, ఆమీట బిడ్డని తీస్కపో. ఈ నెల దాటితే ఆయమ్మి ఈడనే ఉంటాది."

షిఫ్టు దిగగానే వీధులన్నీ తిరిగాను. స్టేషను వైపు ఇంట్లో ఏం వండుతారని, ఏ కులమని అడిగేవారు. (నేను "విశ్వాసులం" అనేవాణ్ణి. అదేం కులమో తెలియక తలుపు ఇంకా తొందరగా వేసేవారు.) కొత్త పేటలో సున్నం ఆరకముందే ఇళ్ళు బెంగళూరు సూపర్‌వైజర్లకు వెళ్ళిపోయేవి. చివరికి ఒక ముసలమ్మ, చంటిబిడ్డ ఉందని జాలిపడి, పక్కనున్న తన పెంకుటిల్లు చూపించి, పొద్దున వచ్చి తాళం తీసుకొమ్మంది.

అంతటితో ఊరుకోవలసింది. కానీ కొత్త ఇంటి ద్వారబంధానికి ప్రార్థించిన కొబ్బరినూనె రాయడం మా సంఘంలో ఆచారం. అదీ చేరాక కాదు, చేరకముందే రాసి విశ్వాసంతో సొంతం చేసుకోవాలని మా సంఘపెద్ద బోధ. తెల్లవారగానే వెళ్ళి ద్వారబంధానికి, కిటికీలకు, గడపకు కారేలా పట్టించాను. కళ్ళు మూసి, చేతులెత్తి, భార్యాబిడ్డల పేర్లు పలుకుతూ ఏడుస్తున్నాను. కళ్ళు తెరిస్తే కల్లాపి బక్కెట్టుతో ముసలమ్మ. ఆ రోజు అమావాస్య. (మాకు దినములన్నీ ప్రభువువే కాబట్టి చూసుకోలేదు.)

"ఏమబ్బా, ఆడోళ్ళ పేర్లు జెప్పుకుంటా నా గడపకి ఏం పూస్తాండావు?"

"ప్రార్థన నూనె అవ్వా, ఈ ఇల్లు నాది కావాలని," అన్నాను.

ఆమె గడప కడిగి, తాళంచెవి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి ఆ పేటలో తల్లులు నన్ను చూసి పిల్లల్ని లోపలికి పిలుచుకోసాగారు. ఇక ఎవరిని అడిగినా ఇల్లు ఖాళీ లేదనేవారు.

నెలాఖరుకు మిగిలింది పట్టుగూళ్ళు ఉడకబెట్టే కొట్టాల వెనక గది ఒక్కటే. చచ్చిన పురుగుల కంపుకు ఎవరూ చేరరు కనుక ఆ యజమాని నన్ను ఏమీ అడగలేదు. ఆ గదిలో మోకరించి, ప్రభువా, నేను అడిగింది ఇదేనా అన్నాను. జవాబు రాలేదు, కంపు మాత్రం వచ్చింది.

నా భార్య పాపతో జట్కా దిగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గదంతా కలియజూసింది. పరిగికి తిరుగు బస్సు ఎప్పుడని అడుగుతుందనుకున్నాను.

"ఈ కంపులో మనమేం వండుకున్యా ఎవురికీ తెలీదులే," అని పాపను నా చేతికిచ్చి, చీపురు యాడుండాదని అడిగింది.

నా జన్మలో ఏ ప్రార్థనకూ అంతకన్నా మంచి జవాబు రాలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు మాత్రం పాపనెత్తుకుని చీపురు వెతుకుతూ, ఇంకా దేవుడి మీద అలిగే ఉన్నాను, వెర్రివాణ్ణి.