నీలి చాక్‌పీసు

సిరిసిల్ల సివిల్స్ కోచింగ్ సెంటర్‌లో మాకు అంతర్జాతీయ యుద్ధచట్టం చెప్పిన సార్‌ను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సముద్రాన్ని ఎన్నడూ చూడని ఆ మనిషి, రోజూ నీలి చాక్‌పీసుతో బోర్డు మీద ఒక జలసంధి గీసి, రెండు యుద్ధనౌకలతో దాన్ని మూసేసేవాడు. వేళ్లకంటిన పొడి ఊదుకుంటూ, "చట్టం క్లియర్‌గ ఉన్నది," అనేవాడు.

ఒకరోజు క్లాసు మధ్యలో ఒకామె వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మా వీధిలో పార్టీ జెండాలు కుట్టే ఆమె. ఆమె భర్త ఒక సరుకు ఓడలో వంటమనిషి. ఆ ఓడను గల్ఫ్ దగ్గర ఎవరి నౌకాదళమో ఆపేసిందట. వారం నుంచి అతని ఫోన్ లేదట. అతన్ని ఎలా విడిపించుకోవాలో సార్‌ను అడిగింది.

"ఓడ మీద ఏ దేశం జెండా ఉన్నదమ్మా?" అన్నాడు సార్.

"ఎర్క లేదు సార్."

"జెండా తెల్వకుంట నేనేం చెప్పాలె? ఓడ ఏ దేశానిదో జెండానే చెప్తది. చట్టం క్లియర్‌గ ఉన్నది."

"జెండాలు నేను దినాం కుడుత సార్," అన్నదామె మెల్లగా. "నేనడిగింది మనిషి గురించి."

ఆమె మెట్లు దిగకముందే సార్ వేళ్లు ఊదుకుని మావైపు తిరిగాడు.

"జెండా సంగతి రాస్కోండ్రి. ఎగ్జామ్‌ల వస్తది."

అందరం రాసుకున్నాం.