అందరినీ లేపకుండా కొట్టిన కమాండు

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక మా అమ్మాయి కంప్యూటరు దానంతట అదే డిస్కు సరిచూసుకుని, నేను కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు మళ్ళీ తయారైపోయింది. అమ్మాయి దాన్ని పట్టించుకోనే లేదు. నాకు మాత్రం ముఖం వేడెక్కింది. ఎందుకో ఇంట్లో ఇంతవరకూ చెప్పలేకపోయాను గనక, ఆ కాలపు మిషన్ల ముందు కళ్ళు పోగొట్టుకున్న మీకైనా చెప్పుకుంటాను.

తొంభైల మొదట్లో, మద్రాసు శివార్లలోని మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వేయించింది మా పెద్దమ్మ కూతురు. మద్రాసులోనే వాషర్‌మెన్‌పేట్‌లో పక్కపక్క వీధుల్లో పెరిగిన వాళ్ళం. అక్కడి కంప్యూటర్ గదికి అక్క పెద్ద దిక్కు, నేను ప్రొబేషన్‌లో ఉన్న ఆపరేటర్ని. ఒక యూనిక్స్ మిషను, దానికి తగిలించిన పదహారు టెర్మినళ్ళు, నల్ల తెర మీద కమాండు కొట్టడం తప్ప వేరే దారి లేని రోజులు. మిషను మీద సర్వాధికారాలూ ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ మా ఇద్దరికే తెలుసు. రూట్‌గా ఏం కొట్టినా ముందు నోటుపుస్తకంలో రాసి సంతకం పెట్టాలన్నది అక్క పెట్టిన నియమం.

డిస్కులో తేడా వస్తే బాగుచేసే కమాండు ఎఫ్‌ఎస్‌సీకే అని మీకు గుర్తుండే ఉంటుంది. అది కొట్టే ముందు అందరూ పని ఆపి టెర్మినళ్ళ దగ్గర నుంచి లేవాలి, డిస్కును అన్‌మౌంట్ చెయ్యాలి, అంటే ఎవరూ వాడకుండా విడదీయాలి. లేకపోతే జనం రాస్తున్న ఫైళ్ళనే అది ముక్కలు చేసి పారేస్తుంది. అన్ని తెరల మీదికీ ఒకేసారి మెసేజి పంపే వీలున్నా దాన్ని చదివే నాథుడు లేడు. అందుకే అక్క తానే లేచి, ల్యాబ్ నుంచి స్టోర్స్ దాకా టేబులు టేబులుకీ తిరిగి, కొంచెం లేవమని తమిళంలో బతిమాలి వచ్చేది. ఇంత చదువు చదివి ఇలా గుమ్మం గుమ్మం తిరగడమేమిటని నాకు మహా నామోషీగా ఉండేది.

ఒకరోజు అక్క భోజనానికి వెళ్ళినప్పుడు తెర మీద డిస్కు ఎర్రర్లు మొదలయ్యాయి. డిస్కు వాడుకలో ఉంది, కొనసాగించమంటావా అని మిషను అడగనే అడిగింది. నేను పుస్తకంలో రాయలేదు, ఎవరినీ లేపలేదు, కొనసాగించమన్నాను. పది నిమిషాల్లో ల్యాబ్ వాళ్ళు గోల పెట్టుకుంటూ వచ్చారు. ఆ వారం పరీక్షల ఫలితాలన్నీ పేర్లు పోయి, ఉత్త నంబర్లతో ఒక మూల డైరెక్టరీలో కుప్పపడి ఉన్నాయి. కొన్ని అక్కడా లేవు. పాత టేపులో ఉన్నవి పోయిన శనివారం నాటివి.

మేనేజరు ఇద్దరినీ పిలిచి ఎవరు కొట్టారని అడిగాడు. నేను నోటుపుస్తకం వైపు చూశాను. అందులో చివరి సంతకం అక్కది, పొద్దున్న ఎవరిదో పాస్‌వర్డ్ మార్చినప్పటిది. నేను ముట్టుకోలేదన్నాను. అక్క ఒక్క క్షణం నా వైపు చూసి, భోజనానికి వెళ్ళే ముందు తానే కొట్టి రాయడం మరిచిపోయి ఉంటానని చెప్పింది.

ఆవిడకు నిజంగానే తన మీద తనకు అనుమానం వచ్చిందని నన్ను నేను నమ్మించుకున్నాను. మూడు వారాలు ఆవిడ ఆ నంబరు ఫైళ్ళను ఒక్కొక్కటే తెరిచి చదివి, ఏది ఏ శాంపిలుదో పోల్చి పేర్లు పెడుతుంటే, పక్కన కూర్చుని సాయం కూడా చేశాను. మనిషి ఎంతకు దిగజారగలడో అప్పుడే తెలిసింది నాకు.

ఆ పని ముగిశాక ఆవిడను డిస్పాచ్ సెక్షనుకు మార్చారు, ఉత్తరాలకు బిళ్ళలంటించే చోటికి. నోటుపుస్తకం నా చేతికిచ్చేటప్పుడు మాత్రం మెల్లిగా అంది.

"ఇంకమీదట అందర్నీ లేపినాకనే కొట్టురా. ఈడ నా మాదిరి నేనే కొట్టినానని చెప్పేదానికి ఇంకెవురూ ఉండరు."

ఆవిడ డిస్పాచ్‌లోనే రిటైరైంది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనబడితే, మా ఆఫీసు కంప్యూటర్లన్నీ వీడి చేతిలోనే ఉండేవని నలుగురికీ గొప్పగా చెబుతుంది. నేను తల దించుకుంటే వినయం అనుకుంటారు.

ఈనాటి మిషన్లు ఎవరు ఏ క్షణాన ఏం కొట్టారో పేరుతో సహా రాసిపెట్టుకుంటాయట. పిల్లలు విసుక్కుంటారు, నమ్మకం లేకనే ఇదంతా అని. ఆ రోజు మా గదిలోనూ అలాంటిది ఉండి ఉంటే నా ఉద్యోగం పోయేది, అక్క కుర్చీ అక్కకు మిగిలేది.