మా బాపు చూడని సగం

మా బాపుకు, అంటే మా నాన్నకు, డెబ్బై ఆరేళ్లు. తెలుగు సినిమాల్లో నవ్వు కూడా ఉంటుందన్న సంగతి ఆయనకు పోయిన ఏడాది తెలిసింది.

నేనేం ఎక్కువ చేసి చెప్పడం లేదు. మా బాపు జీవితంలో వందల సినిమాలు చూశాడు, అన్నీ ఇంటర్వెల్ నుంచే చూశాడు. ఉస్మాన్‌గంజ్‌లో మాది ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం. షట్టర్ దించేది ఏడున్నరకు. మలక్‌పేటలో మా ఇంటి దగ్గరి టాకీసులో ఫస్ట్ షో ఆరున్నరకే మొదలయ్యేది. పోనీ ఆదివారం వెళ్దామంటే అది లారీలు దిగే రోజు, గోదాం విడిచి కదలలేడు. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. అమ్మ, నేను, తమ్ముడు ముందే వెళ్లి కూర్చునేవాళ్లం. బాపు టికెట్ గేటు దగ్గరుండే చాచా చేతిలో పెట్టేవాళ్లం. బాపు తాళాలు వేసి, స్కూటర్ మీద చాదర్‌ఘాట్ వంతెన దాటి వచ్చేసరికి హాల్లో ఇంటర్వెల్ లైట్లు వెలిగేవి.

గేటు చాచా మాటల పొదుపరి. టికెట్ చేతికిస్తూ కథంతా ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. "సేఠ్, హీరో కా బాప్ మర్ గయా. జల్దీ జావ్." చచ్చింది హీరో తండ్రి కాకపోతే హీరోయిన్ తండ్రి. బాపు ఆ చావు వార్త మోసుకుని, ఉల్లి సమోసాల పొట్లంతో లోపలికి వచ్చేవాడు. ఆయన కూర్చోగానే మా వరుస మొత్తం తుమ్మేది. పొద్దంతా మిర్చి బస్తాల మధ్య తిరిగిన చొక్కా మరి. సెకండాఫ్‌లో మా వరుసలో ఎవరైనా కళ్లు తుడుచుకుంటే అది హీరోయిన్ కష్టానికో మా బాపు చొక్కాకో తేల్చి చెప్పలేం.

ఇట్లా చూసిన మనిషికి సినిమాల మీద ఎలాంటి అభిప్రాయం ఉంటుంది? "అన్ని ఒక్కటే తియ్. అందరు ఏడుస్తరు, కొట్టుకుంటరు, ఆఖరికి పోలీసులొస్తరు" అనేవాడు. అయినా పిలిస్తే కాదనకుండా వచ్చేవాడు.

పోయిన ఏడాది మోకాలి ఆపరేషన్ అయ్యింది. దుకాణం తమ్ముడు చూసుకుంటున్నాడు. బాపు ఇంట్లో టీవీ ముందు కూలబడ్డాడు. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, పాత సినిమాలన్నీ రిమోట్‌తో వెతికి పెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు బాపు ఒక నియమం పెట్టుకున్నాడు. మొదటి సగం మాత్రమే చూస్తాడు. తెర మీద 'విశ్రాంతి' అని పడగానే చెయ్యి ఎత్తుతాడు. "బంద్ చెయ్. కడమ సగం నాకెరుకే."

ఇంట్లో మిగతావాళ్ల గతి ఏమిటని అడగకండి. ఏడాదిగా ఆ ఇంట్లో ఏ హీరోయిన్‌కూ కష్టం తీరలేదు, ఏ విలన్‌కూ బేడీలు పడలేదు.

కానీ బాపు ఆనందం చూడాలి. మా అత్తగారిల్లు మూడు గల్లీల అవతలే, ప్రతి ఆదివారం పొద్దున పనిగట్టుకుని అది చూడడానికే వెళ్తాను. ఆయనకు కమెడియన్లు కొత్త. తోటల్లో పాటలు కొత్త. అన్నిటికన్నా, చచ్చినవాళ్లను కలుసుకోవడం కొత్త. ఒకరోజు సోఫాలో ముందుకు జరిగి తెర వైపు వేలు చూపించాడు. "గీయన ఫోటోకు దండేసి ఉండేది గదనే. బతికున్నప్పుడు గింత హుషారా?" అన్నాడు. తెర మీద ఆ తండ్రి మనవరాలితో కలిసి గెంతుతున్నాడు. బాపు ఆయన్ని చూసి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నలభై ఏళ్లు దండ వేసిన ఫోటోలుగానే తెలిసిన మనుషులంతా ఇప్పుడు ఒక్కొక్కరే లేచి వచ్చి ఆయనతో నవ్వుతున్నారు.

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు, అయినా చెప్తాను. కొత్త సినిమాలు నేను ఒక్కటీ వదలను, ఒక్కదాన్నీ తిట్టకుండా బయటికి రాను. హీరో నడిచి రావడానికి పది నిమిషాలు, తల తిప్పడానికి ఐదు నిమిషాలు. మొన్న ఒకటి చూశాను, అందులో వర్షం తప్ప ఎవరూ సరిగ్గా నటించలేదు. బాపుకు అదే చెబితే "నువ్వు రెండు సగాలు చూస్తవు గందుకే పరేషాన్ అయితవు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ రోజుల్లో ఇంటర్వెల్ పది నిమిషాల్లో బాపుకు మొదటి సగం కథ చెప్పే పని అమ్మది. చాచా చెప్పింది చావు వార్త మాత్రమే, మిగతాదంతా అమ్మ నోటి నుంచి రావాలి. అమ్మ బాగా చెప్పేది. బాగా చెప్పడమంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పేది కాదు. విలన్ పిల్లల్ని కొడితే ఆ ముక్క వదిలేసేది. "పొద్దంతా కష్టపడి వచ్చిండు, ఇంకా గా లొల్లి ఎందుకు" అనేది మాతో. హీరో తాగుబోతయితే వాడికి టైఫాయిడ్ అని చెప్పేది. కానీ రెండో సగంలో ఏముందో అమ్మకూ తెలియదు గదా. అందుకని నాకూ తమ్ముడికీ సినిమాలో ఏం జరుగుతుందన్న ఫికర్ లేదు, అమ్మ దొరికిపోతుందా లేదా అన్నదే ఫికర్. ఎక్కడైనా అతకకపోతే అమ్మ తొణకకుండా "మధ్యల సెన్సారోళ్లు కట్ చేసిండ్రు" అనేది. బాపు సెన్సారోళ్లను తిట్టేవాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక సినిమా వచ్చింది. అంతకు వారం ముందే అమ్మ బాపును ఒకటి అడిగింది. తను ఏడో తరగతిలో బడి మానేసింది, ఇప్పుడు ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాస్తానంది. బాపు నవ్వాడు. "ఇద్దరు పిల్లల తల్లివి, ఇప్పుడు సదువుకొని ఏం జేస్తవు?" అన్నాడు. అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ సినిమాలో హీరో మెకానిక్. హీరోయిన్ పెద్దింటి పిల్ల, బాగా చదువుకుంది, పొగరు. ఆ పొగరు దించుతానని హీరో దోస్తులతో పందెం కాసి ఆమెను పెళ్లి చేసుకుంటాడు. చెంప మీద కొడతాడు. ఆమె పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే ఆమెతో అన్నం వండిస్తాడు. హాలంతా ఈలలు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది, నొప్పి పుట్టేంత గట్టిగా. అప్పుడే లైట్లు వెలిగాయి, బాపు వచ్చాడు, మా వరుస తుమ్మింది.

"ఏమైంది?" అన్నాడు బాపు సమోసా పొట్లం విప్పుతూ.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని మొదలుపెట్టింది. "ఆ పిల్లకు సదువు రాదు. పెండ్లయినంక మొగడే చెప్తుండు. పొద్దంతా షెడ్డుల పని జేసి, ఇంటికొచ్చినంక పక్కన కూసోని పుస్తకం పట్టుకుంటడు. దోస్తులందరు నవ్విండ్రు. ఆయన ఎవ్వని మాట ఇనలే."

నేను నోరు తెరిచాను. అమ్మ నా తొడ మీద గిచ్చిన గిచ్చుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత రెండో సగమంతా నేను ఊపిరి బిగబట్టుకుని చూశాను. మా అదృష్టం, చివర్లో హీరో మీద దొంగ కేసు పడింది, హీరోయిన్ కోర్టులో నిలబడి ఒక కాగితం గడగడా చదివి వాణ్ని విడిపించింది. బాపు మోచేత్తో అమ్మను పొడిచాడు. "చూసినవా, సదువు చెప్పినందుకు ఎట్ల పనికొచ్చిందో."

మర్నాడు బాపు కోఠీ నుంచి పదో తరగతి పాత పుస్తకాల కట్ట తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. "గా షెడ్డోనికి అయినప్పుడు నాకెందుకు గాదు?" అన్నాడు.

బాపు చదివింది ఆరో తరగతి. అయినా రోజూ దుకాణం మూసి వచ్చి, అన్నం తిని, పుస్తకం పట్టుకుని అమ్మ పక్కన కూర్చునేవాడు. తమ్ముడు చింపుతాడని పుస్తకాలు స్కూటర్ డిక్కీలోనే పెట్టుకునేవాడు, పొద్దున తీసుకుపోయి సాయంత్రం తెచ్చేవాడు. అమ్మ పాఠం అప్పజెప్పేది, మధ్యమధ్య తుమ్మేది. లెక్కల్లో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది. తర్వాత ఇంటర్. తర్వాత ఇరవై రెండేళ్లు మా గల్లీ బడిలో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించింది. బాపు ఈ కథ చెప్పని హమాలీ లేడు, చెప్పని చుట్టం లేడు. "అంతా గా పిక్చర్ల హీరోను చూసి నేర్చుకున్న" అని ముగించేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా అమ్మ లేచి వంటింట్లోకి పోయేది.

కాబట్టి బాపు మొదటి సగాలు చూడడం మొదలుపెట్టిన రోజే అమ్మకు నిద్ర కరువైంది. ఆయన ఆ సినిమా అడుగుతాడని తెలుసు. అడిగాడు కూడా. అమ్మ మొదట "గది టీవీల లేదంట" అంది. రెండోసారి "రీలు ఖరాబైందంట" అంది. నన్ను పక్కకు పిలిచి చెయ్యి పట్టుకుంది. "నలభై ఏండ్ల సంది ఊరంత చెప్పుకుంట తిరిగిండు. నేను అబద్ధం చెప్పి చదువుకున్ననని తెలిస్తే ఆయన మొఖం ఎట్ల చూడాలె బిడ్డా?"

అమ్మ అంత చిన్నగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. మనసంతా చేదైపోయింది. ఆ సినిమా తీసినవాణ్ని, వాడి పొయ్యిని, ఆ హాల్లో ఈలలు వేసినవాళ్లను అందరినీ కలిపి తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను.

మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి సినిమా నడుస్తోంది. ఏమీ తెలియని మా మరదలు దాన్ని వెతికి పట్టుకుంది. "వదినా, మామయ్య పిక్చర్ దొరికింది" అంది సంబరంగా. వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తున్నాయి. నేను బాపు పక్కన కూర్చున్నాను.

చెంపదెబ్బ వచ్చింది. బాపు కదల్లేదు. పొయ్యి వచ్చింది, పుస్తకాలు కాలాయి. బాపు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఏడాదిలో మొదటిసారి ఒక మొదటి సగం మొత్తంలో ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. 'విశ్రాంతి' అని పడింది. తానే రిమోట్ తీసుకుని అక్కడ ఆపాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

"నీకెరుకనా?" అన్నాడు నాతో.

"ఎరుకే బాపు. చెప్పబోతే అమ్మ గిచ్చింది గదా."

నిలిచిపోయిన బొమ్మ వైపు రిమోట్ చూపించాడు. "గీడు మన హీరో కాదు" అన్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి పిలిచాడు. "ఏమే, ఇట్ల రా."

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. తల ఎత్తలేదు.

"ఇంటర్వెల్ అయింది" అన్నాడు బాపు. పక్కన సోఫా మీద చేత్తో తట్టాడు. "నేను ఇప్పుడే వచ్చిన. ఏమైందో చెప్పు."

అమ్మ ఆయన ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం కోసం వెతికింది, నాకు తెలుసు, నేనూ వెతికాను. మెల్లగా వచ్చి కూర్చుంది.

"ఆ పిల్లకు సదువు రాదు" అని మొదలుపెట్టింది. రెండో మాటకల్లా ఆమె గొంతు ఒకటో తరగతి టీచర్ గొంతు అయింది. "మొగడే చెప్తుండు. పొద్దంతా మిర్చి దుకాణంల పని జేసి..."

"షెడ్డు గదనే" అన్నాను నేను. యాభై దాటిన నన్ను అమ్మ మళ్లీ గిచ్చింది.

"మిర్చి దుకాణంల పని జేసి, ఇంటికొచ్చినంక పుస్తకం పట్టుకొని కూసుంటడు. ఆయనకు ఆరో తరగతి వరకే వచ్చు. గందుకని రేపటి పాఠం దుకాణంల కూసోని ముందుగాల్నే సదువుకునేటోడు. ఆమెకు తెల్వదనుకున్నడు."

బాపు ఉలిక్కిపడ్డాడు. "గది నీకెట్ల ఎరుక?"

"మనం ఇంకా తెరవని పేజీలల్ల మిర్చి గింజలు ఉండేటియి" అంది అమ్మ.

మా మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి బాపు మిర్చి చొక్కా మీదికి నెట్టడానికి కూడా లేదు. బాపు అమ్మ చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు, రిమోట్ నా మీదికి విసిరాడు.

"ఫస్టాఫ్ మస్తుంది" అన్నాడు. "ఇగ కడమది పెట్టు."